గృహసౌందర్యం

మానవుని ప్రాథమికావసరాలలో కూడు, గుడ్డ తరువాత చెప్పదగినది గూడు. ఎండవానల నుండి కాపాడే కప్పు దొరికిన తరువాత మానవుడు దానిని అందంగా తీర్చిదిద్దుకోవాలని కోరుకున్నాడు. గుహలలో నివసించిన ఆదిమ మానవుడు సైతం రాతిగోడలపై బొమ్మలు గీశాడు. కాబట్టి గృహాలంకరణ సంపన్నుల సొత్తు కాదు; అది మానవ సహజమైన కోరిక. కాని నేటి కాలంలో అలంకరణ అనగానే ఖరీదైన సోఫాలు, పాలరాతి నేలలు, గాజు బీరువాలు, పైకప్పుకు వేలాడే దీపగుచ్ఛాలు గుర్తుకు వస్తాయి. వాటిని కొనలేనివారు తమ ఇల్లు అందంగా ఉండదని చిన్నబుచ్చుకుంటారు. కొందరు అప్పులు చేసి ఆ చిన్నతనాన్ని కప్పిపుచ్చుకోవాలని చూస్తారు. ఈ రెండు ధోరణులకూ మూలం ఒక్కటే. అందాన్ని ధరతో కొలవడమే ఆ మూలం.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలోనూ, వాటి చుట్టుపక్కల పల్లెలలోనూ సామాన్య కుటుంబం నివసించే ఇల్లు సాధారణంగా ఒక ముందుగది, ఒక పడకగది, వంటగది కలిగి ఉంటుంది. ముందుగదిలోనే అతిథులు కూర్చుంటారు. అక్కడే పిల్లలు చదువుకుంటారు. రాత్రికి అదే పడకగదిగా మారుతుంది. ఇటువంటి ఇంటిని తక్కువ ఖర్చుతో, ఆరోగ్యానికి హితంగా, కంటికి ఇంపుగా ఎట్లా తీర్చిదిద్దుకోవచ్చో తెలుసుకోవడం విద్యార్థులకు ఎంతైనా అవసరం. ఎందుకంటే గృహాలంకరణలో రుచి ఎంత ముఖ్యమో, శాస్త్రజ్ఞానం, పొదుపు కూడా అంతే ముఖ్యం.

నేల, నీరు, గాలి

ఇంటిని అలంకరించదలచినవారు ముందుగా ఇల్లున్న చోటును అర్థం చేసుకోవాలి. ఈ మూడు పట్టణాలూ కృష్ణానది పశ్చిమ డెల్టాలో ఉన్నాయి. బెజవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజి ఈ ప్రాంతానికి కాలువ నీటిని అందించాయి. ‘ఆంధ్రా ప్యారిస్’ అని పేరొందిన తెనాలి పట్టణం నడుమనుండే కాలువలు పారుతాయి. రేపల్లె కృష్ణానదికి చేరువలో, తెనాలి నుండి వచ్చే రైలుమార్గం చివర ఉన్నది. బాపట్లకు సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక సముద్రతీరం ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో బాపట్ల, రేపల్లె చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచింది. పాలనా సరిహద్దులు మారినా ఈ మూడింటి గాలి, నీరు మాత్రం ఒకే స్వభావం కలవి.

ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. నేలలో చెమ్మ ఎక్కువ. తీరానికి దగ్గరైన కొద్దీ నేలలోనూ, నీటిలోనూ ఉప్పు పాలు పెరుగుతుంది. వేసవిలో పడమటి నుండి వడగాలి వీస్తుంది. మధ్యాహ్నం దాటిన తరువాత సముద్రం వైపు నుండి చల్లని గాలి వస్తుంది. కార్తీక మార్గశిర మాసాలలో తుఫానుల భయం ఉంటుంది. పొడి ప్రాంతాలలోని ఇంటికి నప్పిన అలంకరణ ఈ ప్రాంతానికి నప్పకపోవచ్చు. దళసరి తివాచీలు, మఖమలు తెరలు ఇక్కడ తేమను పీల్చుకొని బూజు పడతాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన చవక బీరువాలు చెమ్మకు ఉబ్బిపోతాయి. కాబట్టి ఇతరుల ఇంటిని చూసి అనుకరించడం కన్నా తన ఇంటి గాలిని, వెలుగును గమనించడం మేలు.

పెద్దల ఇళ్ళు నేర్పే పాఠం

డెల్టా ప్రాంతపు పాత పెంకుటిళ్ళను పరిశీలిస్తే పొదుపుతో కూడిన సౌందర్యం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. వీధివైపు అరుగు, దాని వెనుక వసారా, లోపల గదులు, పెరడు ఆ ఇళ్ళకు సామాన్య లక్షణాలు. మందమైన గోడలలో గూళ్ళు కట్టేవారు. దీపానికి ఒక గూడు, పుస్తకాలకు ఒక గూడు ఉండేవి. బీరువాతో పని లేకుండా గోడే బీరువాగా ఉపయోగపడేది. ఉత్తరీయం తగిలించడానికి చిలక ఆకారంలో చెక్కిన కొయ్యను గోడకు దిగగొట్టేవారు. దానినే చిలకకొయ్య అన్నారు. బట్టలకు దండెం, సామానుకు అటక, పాలకు, పెరుగుకు ఉట్టి ఉండేవి. ప్రతి వస్తువూ ఒక అవసరాన్ని తీరుస్తూనే అందాన్ని ఇచ్చేది.

గడపకు పసుపు, గుమ్మానికి మామిడి తోరణం, వాకిట ముగ్గు అనునిత్యం లేదా పండుగ పూట చేసుకునే అలంకరణలు. వీటికయ్యే ఖర్చు అత్యల్పం. ఇవి పాతబడేవి కావు. వాడిన తోరణం స్థానంలో కొత్తది వస్తుంది, చెరిగిన ముగ్గు స్థానంలో మరొకటి వెలుస్తుంది. నిత్యనూతనంగా ఉండటమే వాటి అందం. పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత మరొక చక్కని ఉదాహరణ. నూలు చీరలు ఎంత ఉతికితే అంత మెత్తబడతాయి. ఆ మెత్తదనమే బొంతకు సుఖాన్ని ఇస్తుంది. రకరకాల అంచుల కలయిక దానికి రంగులను ఇస్తుంది. తల్లి చీర, అమ్మమ్మ చీర కలిసిన బొంతలో కుటుంబ చరిత్ర కూడా ఒదిగి ఉంటుంది. ఏ అంగడిలోనూ అటువంటి దుప్పటి దొరకదు.

తీసివేయడమే తొలిమెట్టు

అలంకరణ అంటే వస్తువులను చేర్చడమని చాలామంది భావిస్తారు. నిజానికి తొలిమెట్టు వస్తువులను తీసివేయడం. విరిగిన కుర్చీ, పనిచేయని రేడియో, మూతలేని డబ్బాలు, పాత వార్తాపత్రికలు గదిలో సగభాగాన్ని ఆక్రమిస్తాయి. వాటిని తొలగిస్తే పైసా ఖర్చు లేకుండానే గది పెద్దదవుతుంది. గదిలోని ప్రతి వస్తువు విషయంలోనూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఉపయోగపడుతున్నదా? చూడముచ్చటగా ఉన్నదా? దానితో ఏదైనా ఆత్మీయత పెనవేసుకొని ఉన్నదా? మూడింటికీ ‘లేదు’ అన్నదే సమాధానమైతే ఆ వస్తువుకు ఇంట్లో స్థానం అవసరం లేదు.

మిగిలిన వస్తువులను క్రమంగా అమర్చడం రెండవ మెట్టు. పెద్ద వస్తువులను గోడల వెంట ఉంచి, నడిచే దారిని ఖాళీగా వదలాలి. తలుపుకు ఎదురుగా, చూపు మొదట పడే చోట ఒక్క అందమైన వస్తువును మాత్రమే ఉంచాలి. అది ఒక బొమ్మ కావచ్చు, చిత్రం కావచ్చు, నీళ్ళు పోసిన ఇత్తడి గంగాళంలో తేలే నాలుగు పూలు కావచ్చు. ఒకే గోడపై పది పటాలు వేలాడదీస్తే దేనినీ కన్ను నిలిచి చూడదు. చిత్రాలను నిలుచున్న మనిషి కంటి ఎత్తుకు వచ్చేటట్లు తగిలించాలి. చుట్టూ ఖాళీ ఉన్నప్పుడే వస్తువు అందం వెల్లడి అవుతుంది.

గోడలు: రంగు కంటే ముందు చెమ్మ

ఇంటిలో అన్నిటికన్నా ఎక్కువ వైశాల్యం గలవి గోడలు. అందువల్ల అలంకరణకు కేటాయించిన సొమ్ములో పెద్ద భాగం రంగులకే ఖర్చవుతుంది. కాని ఈ ప్రాంతంలో గోడల కింది భాగాన రంగు పొక్కి, పొట్టు రాలిపోవడం తరచుగా కనిపిస్తుంది. దీనికి కారణం రంగు నాసిరకం కావడమేనని అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఇటుకలో వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకున్నట్లు ఆ రంధ్రాలు నేలలోని నీటిని పైకి పీల్చుకుంటాయి. ఆ నీటితోపాటు ఉప్పు కూడా పైకి వస్తుంది. గోడ ఉపరితలంపై నీరు ఆవిరికాగా ఉప్పు స్ఫటికాలుగా మిగిలి, పెరిగి, రంగును బయటికి నెడుతుంది. ఎన్నిసార్లు కొత్త రంగు వేసినా ఫలితం ఒక్కటే.

కాబట్టి రంగు కొనడానికి ముందు చెమ్మకు కారణం వెదకాలి. గోడ పక్కనే వాడుక నీరు నిలుస్తున్నదేమో, కప్పు నుండి జారే వర్షపు నీరు గోడ మొదట పడుతున్నదేమో, గొట్టం కారుతున్నదేమో చూడాలి. నీరు దూరంగా పోయేటట్లు చిన్న కాలువ తీయడం వంటి పని కొత్త రంగు కన్నా ఎక్కువ కాలం ఉపకరిస్తుంది. చెమ్మ పూర్తిగా పోని గోడకు నూనె రంగు వేయరాదు. అది గోడలోని తేమను బయటికి పోనీయదు. సున్నం మాత్రం తేమను ఆవిరి కానిస్తుంది. సున్నాన్ని నానబెట్టి, వడగట్టి, కొంచెం జిగురు కలిపి, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు చేర్చి గోడలకు వేయడం ఈ ప్రాంతంలో తరతరాలుగా వచ్చిన పద్ధతి. ఏడాదికొకసారి, సాధారణంగా సంక్రాంతికి ముందు, ఇంటివారే వేసుకోగల పూత ఇది.

పొడిగా ఉన్న గోడలకు రంగు వేయదలచినవారు లెక్క వేసుకొని కొనాలి. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదికి నాలుగు గోడల వైశాల్యం 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసివేస్తే సుమారు 400 మిగులుతాయి. నీటితో కలిపే ఎమల్షన్ రంగు రెండు పూతలకు లీటరుకు సుమారు 60 నుండి 70 చదరపు అడుగులు వస్తుంది. అంటే గదికి ఆరు లీటర్లు చాలు. లెక్క లేకుండా పది లీటర్లు కొంటే నాలుగు లీటర్లు డబ్బాలో ఎండిపోతాయి. మూడు గోడలకు లేత రంగు వేసి, ఒక్క గోడకు మాత్రం నచ్చిన ముదురు రంగు వేస్తే గదికి కొత్త కళ వస్తుంది. లేత రంగులు వెలుగును తిరిగి గదిలోకి పంపుతాయి. అందువల్ల చిన్న గది విశాలంగా కనిపిస్తుంది. పైకప్పు తెల్లగా ఉంటే దీపం వెలుగు మరింత ప్రకాశవంతంగా ఉంటుంది.

చవకగా వస్తుందని ఊరూపేరూ లేని రంగు డబ్బాలు కొనడం ప్రమాదకరం. కొన్ని రంగులలో కలిపే సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. భారత ప్రభుత్వం 2016లో చేసిన నియమాల ప్రకారం ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలను మించరాదు. ఈ నియమాలు 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. సీసం పరిమితిని తెలిపే సమాచారం డబ్బాపై ఉన్నదో లేదో చదివి కొనాలి. రంగు రాలుతున్న పాత తలుపులను పొడి గరుకు కాగితంతో రుద్ది ధూళి రేపడం కూడా మంచిది కాదు.

గాలి, వెలుగు

గాలి, వెలుగు డబ్బు పెట్టి కొనవలసిన అవసరం లేని అలంకారాలు. గదికి ఎదురెదురుగా రెండు తెరపులుంటే గాలి ఒకవైపు వచ్చి మరొకవైపు పోతుంది. కిటికీకి అడ్డంగా బీరువా పెట్టి, ఆపై పంకా చాలడం లేదని బాధపడటం కొన్ని ఇళ్ళలో కనిపించే విషయం. బీరువా జరిపితే చాలు, సమస్య తీరుతుంది. సాయంకాలం సముద్రం వైపు నుండి వచ్చే గాలికి తూర్పు, దక్షిణపు కిటికీలు తెరవాలి. మధ్యాహ్నం పడమటి కిటికీని మూసి, తడికెతో గాని, వెదురు తెరతో గాని నీడ కల్పించాలి. వట్టివేరు తడికెపై నీళ్ళు చల్లితే లోనికి వచ్చే గాలి చల్లబడి పరిమళిస్తుంది. అయితే ఈ ఉపాయం గాలి పొడిగా ఉన్న వేళల్లోనే బాగా పనిచేస్తుంది. తేమ నిండిన గాలిలో నీరు త్వరగా ఆవిరి కాదు.

ఇంగ్లండులో జన్మించి కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) తక్కువ ఖర్చు ఇళ్ళకు ప్రసిద్ధుడు. ఆయన ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీ గోడలు కట్టించాడు. వాటి ద్వారా గాలి వస్తుంది. ఎండ తునకలై నేలపై నమూనాలు గీస్తుంది. కిటికీ, చట్రం, తెర, గోడపై అలంకారం చేసే పనులన్నీ ఒక్క గోడే చేస్తుంది. వసారా చివర పిట్టగోడ కట్టేవారు ఈ పద్ధతిని సులభంగా అనుసరించవచ్చు.

రాత్రివేళ దీపాల విషయంలో కూడా ఆలోచన కావాలి. 60 వాట్ల పాతకాలపు బల్బు ఇచ్చే వెలుగును సుమారు 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఇస్తుంది. రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు పాత బల్బు 9 యూనిట్ల విద్యుత్తును వాడితే, ఎల్‌ఈడీ దీపం ఒకటిన్నర యూనిట్ కూడా వాడదు. 2015 జనవరిలో మొదలై ఉజాలాగా పేరొందిన కేంద్రప్రభుత్వ పథకం ద్వారా ఈ దీపాలు సామాన్యుల ఇళ్ళకు విరివిగా చేరాయి. చదువుకునే చోట తెల్లని ప్రకాశవంతమైన వెలుగు, పడకగదిలో పసుపు ఛాయ గల మెత్తని వెలుగు ఉండాలి. గది నడుమ ఒక్క పెద్ద దీపానికి బదులు, పని జరిగే చోట ఒక చిన్న దీపం ఉంచితే ఖర్చు తగ్గుతుంది, గదికి నిండుదనం వస్తుంది.

నేలపై చాప

ఇంటికి వచ్చినవారికి చాప పరచి కూర్చోబెట్టడం తెలుగువారి మర్యాద. తుంగచాప, ఈతచాప ఈ ప్రాంతానికి సహజమైన పరుపులు. తాటిచెట్లు విస్తారంగా ఉన్న తీరప్రాంతంలో తాటాకు బుట్టలు, విసనకర్రలు కూడా ఇంటి అలంకారాలే. తుంగచాప వేసవిలో చల్లగా ఉంటుంది; చుట్టి మూలన నిలబెడితే స్థలం ఆక్రమించదు. జపాను దేశంలో తుంగజాతి గడ్డితో చేసిన ‘తతామి’ చాపలను నేలంతా పరుస్తారు. అక్కడ గది వైశాల్యాన్ని కూడా ఎన్ని చాపలు పడతాయన్న లెక్కతో చెబుతారు. అంతటి సంపన్న దేశం చాపను తన సంస్కృతికి చిహ్నంగా భావిస్తుండగా, ఇక్కడ అతిథి రాగానే చాపను దాచి ప్లాస్టిక్ కుర్చీ వేయడం గౌరవమనుకోవడం ఆలోచింపదగిన విషయం.

చిన్న ముందుగదిలో సోఫాకు బదులు గోడవారగా తక్కువ ఎత్తు గల బల్ల వేసి, దానిపై దూది పరుపు, రెండు మూడు దిండ్లు ఉంచితే పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి పనికివస్తుంది. బల్ల కింది భాగం సామాను దాచడానికి ఉపయోగిస్తుంది. నులకమంచం, నవారుమంచం తేలికైనవి. అవసరం తీరిన తరువాత నిలబెట్టవచ్చు. వాటిలో గాలి కిందినుండి కూడా ఆడుతుంది కాబట్టి ఉక్కపోత కాలంలో సుఖంగా ఉంటాయి.

నేత చీర, అద్దకపు తెర

గదికి అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మార్పు తెచ్చేది వస్త్రం. ఈ విషయంలో ఈ ప్రాంతం ఎంతో అదృష్టం చేసుకున్నది. బాపట్లకు సమీపాన చీరాల, తెనాలికి సమీపాన మంగళగిరి చేనేతకు ప్రసిద్ధి చెందాయి. ఆసు రుమాళ్ళు లేక తేలియా రుమాళ్ళు అనే చదరపు వస్త్రాలు పూర్వం చీరాలలో తయారై అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. నూలును నూనెలో నానబెట్టి, ముందే చిక్కుకట్టి రంగులద్ది, ఆ తరువాత నేయడం వాటి ప్రత్యేకత. రేపల్లె వద్ద పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటి వెళితే మచిలీపట్నం, పెడన కలంకారీ అద్దకం కనిపిస్తుంది. అక్కడ చెక్కిన కొయ్య అచ్చులతో వస్త్రాలపై పూలు, లతలు, పక్షులు ముద్రిస్తారు. వస్త్రాన్ని కరక్కాయ కషాయం, గేదెపాలతో తడిపి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రవంతో నలుపును, పటిక సహాయంతో ఎరుపును సాధించడం సంప్రదాయ పద్ధతి.

కిటికీ తెరకు ఎంత బట్ట కావాలో లెక్కించడం సులభం. తెర కుచ్చిళ్ళతో నిండుగా వేలాడాలంటే కిటికీ వెడల్పుకు రెండింతలు కావాలి. నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు గల కిటికీకి 45 అంగుళాల పన్నా గల బట్టలో ఐదేసి అడుగుల ముక్కలు రెండు సరిపోతాయి. మొత్తం పది అడుగులు, అంటే మూడు మీటర్లకు కొంచెం ఎక్కువ. అదీ కష్టమనుకుంటే అంచు చెడని పాత నేతచీర ఒక్కటి రెండు కిటికీలకు తెరలవుతుంది. చీరకొంగును చట్రంలో బిగిస్తే గోడకు చిత్రపటం అవుతుంది. మిగిలిన ముక్కలు దిండ్ల గలీబులవుతాయి. గదిలో ఒక ప్రధాన వర్ణాన్ని, దానికి తోడుగా ఒకటి రెండు వర్ణాలను మాత్రమే ఎంచుకుంటే వేరువేరు చోట్ల కొన్న వస్తువులు కూడా ఒకే కుటుంబానికి చెందినట్లు కనిపిస్తాయి.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. చేనేతను, అద్దకాన్ని అనుకరిస్తూ యంత్రాలపై తయారైన వస్త్రాలు తక్కువ ధరకు లభిస్తున్నాయి. నేతగాడు రోజంతా గుంటమగ్గంపై కూర్చొని నేసిన బట్ట, యంత్రం నిమిషాలలో ముద్రించిన బట్టతో ధరలో పోటీ పడలేదు. ఆ పోటీలో ఓడిన మగ్గాలు ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. నేతగాళ్ళ పిల్లలు ఇతర పనులు వెదుక్కున్నారు. 2006లో ప్రవేశపెట్టిన చేనేత గుర్తు అసలైన నేతను గుర్తించడానికి కొనుగోలుదారుకు తోడ్పడుతుంది. 2015 నుండి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. కొయ్య అచ్చుతో వేసిన అద్దకంలో అచ్చుకు అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఆ తేడా లోపం కాదు, మనిషి చేతి ముద్ర. నాలుగు చవక తెరలకు బదులు రెండు నేత తెరలు కొన్నవారు తమ కిటికీతోపాటు మరొకరి పొయ్యిని కూడా వెలిగించినవారవుతారు.

పాతకు కొత్త రూపు

పాత వస్తువును పారవేయకుండా మరొక రూపంలో వాడుకోవడం పొదుపులో ఒక కళ. ఈ విషయంలో తెనాలి శిల్పులు దేశానికే ఆదర్శంగా నిలిచారు. తెనాలిలోని సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాహనాల నుండి తీసివేసిన మరలు, గొలుసులు, చక్రాల ముక్కలు మొదలైన ఇనుప తుక్కుతో విగ్రహాలను రూపొందించి ప్రసిద్ధి పొందారు. ఇతరులు చెత్తగా భావించిన దానిలో వారు కండరాన్ని, కనుబొమను, వస్త్రపు మడతను చూశారు. వస్తువు విలువ దానిని చూసే కంటిలో ఉంటుందని వారి పని నిరూపిస్తుంది.

ఇంటిలో కూడా ఈ దృష్టి అవసరం. పాత ఇంటి కిటికీ చట్రానికి అద్దం బిగిస్తే ముందుగదికి అలంకారం. విరిగిన నిచ్చెనను గోడకు ఆనించి నిలిపితే పుస్తకాల అర. పనికిరాని ఇత్తడి బిందె, మట్టి కూజా మొక్కలకు కుండీలు. పండ్ల దుకాణంలో మిగిలిన చెక్కపెట్టెలను నునుపు చేసి రంగువేసి ఒకదానిపై ఒకటి పేర్చి బిగిస్తే విద్యార్థికి పుస్తకాల బీరువా సిద్ధమవుతుంది. కిటికీకి పక్కగా ఒక బల్ల, కుర్చీ, అరచేతి వెడల్పు అర ఒకటి, చిన్న దీపం ఉంటే చాలు. ఎంత ఇరుకు గదిలోనైనా చదువుకు ఒక స్థానం ఏర్పడుతుంది. తనదంటూ ఒక మూల ఉన్న విద్యార్థి పుస్తకాన్ని వెదుక్కోవడంలో కాలాన్ని వృథా చేయడు. ఆ మూలను సర్దుకునే బాధ్యత కూడా విద్యార్థే స్వీకరించాలి. ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అనే సామెత ఇంటి చక్కదనాన్ని స్త్రీ ఒక్కదాని బాధ్యతగా చేసింది. ఇల్లు అందరిదైనప్పుడు దాని శుభ్రత కూడా అందరిదీ కావాలి.

అప్పు తెచ్చే అందం

‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న సామెత అలంకరణకు కూడా వర్తిస్తుంది. పెండ్లిచూపులకు బంధువులు వస్తారని, పండుగకు అల్లుడు వస్తాడని ముప్పైవేల రూపాయలు అప్పు తెచ్చి సోఫా కొన్న కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు ఆరువందల రూపాయలు, ఏడాదికి ఏడువేల రెండువందల రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు అట్లాగే నిలిచి ఉంటుంది. రెండేళ్ళు గడిచేసరికి సోఫా గుడ్డ చిరుగుతుంది. అప్పు మాత్రం చిరగదు. ఆ రెండేళ్ళ వడ్డీ పద్నాలుగువేల నాలుగువందలతో గోడల చెమ్మ సరిచేసి, రంగులు వేసి, నేత తెరలు కొని, పిల్లలకు చదువుకునే బల్ల చేయించవచ్చు.

కావలసినవన్నీ ఒకేసారి సమకూర్చుకోవలసిన అవసరం లేదు. మొదటి మూడు నెలలు శుభ్రత, అమరికలు. తరువాత చెమ్మ, రంగులు. ఆపై తెరలు, దీపాలు. చివరకు బల్లలు, కుర్చీలు అన్న క్రమాన్ని పాటిస్తే ప్రతి దశలోనూ ఇల్లు ఒక మెట్టు మెరుగవుతుంది. చిన్న చిన్న మొత్తాలను ఇందుకోసం విడిగా దాచుకుంటే అప్పు అవసరం కలగదు.

తుఫాను నేర్పిన జాగ్రత్త

1977 నవంబరు 19న వచ్చిన పెను తుఫాను, ఉప్పెన దివిసీమతోపాటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాలలో వేలాది ప్రాణాలను బలిగొన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటి తీరంలో ఇంటి అలంకరణ భద్రతతో ముడిపడి ఉండక తప్పదు. మంచం తలాపున బరువైన పటాలను, గాజు సామానును వేలాడదీయరాదు. ఇంటి పత్రాలను, విద్యార్థుల ధ్రువపత్రాలను నీరు చేరని ఎత్తున, మూత గట్టిగా బిగిసే డబ్బాలో ఉంచాలి. నీటికి చెడే పరుపులను త్వరగా అటకకు ఎక్కించగలిగేటట్లు ఉండాలి. తేలికైన చాప, మడిచే మంచం, ఉతికితే శుభ్రపడే నూలు తెర వరదనీరు పోయిన మరునాడే ఎండబెట్టి వాడుకోగలిగినవి. నీటిలో నానిన సోఫా మాత్రం తిరిగి పనికిరాదు.

ముగింపు

తెనాలికి సమీపాన ఉన్న తుమ్మపూడి గ్రామంలో జీవించిన సంజీవదేవ్ (1914–1999) చిత్రకారుడు, రచయిత, సౌందర్య తత్త్వవేత్త. హిమాలయాల వరకు పర్యటించి, దేశవిదేశాల కళాకారులతో స్నేహం చేసినప్పటికీ ఆయన తన స్వగ్రామాన్నే నివాసంగా చేసుకున్నాడు. కళారసికులు ఆయనను వెదుక్కుంటూ ఆ పల్లెకే వచ్చేవారు. సౌందర్యదృష్టి గల మనిషి ఎక్కడ నివసిస్తే అక్కడికే అందం నడిచి వస్తుందనడానికి ఆయన జీవితం నిదర్శనం.

ఇంటికి అందాన్నిచ్చేది ధనం ఒక్కటే కాదు. ఏది అవసరమో, ఏది ఆడంబరమో తెలిసిన వివేకం, చేతనైన పనిని స్వయంగా చేసుకునే శ్రమ, చుట్టూ ఉన్న చేతివృత్తుల పట్ల గౌరవం, తన నేలనూ గాలినీ గమనించే దృష్టి కలిసినప్పుడు ఒక్క గది ఇల్లు కూడా శోభిస్తుంది. గోడకు సున్నం, నేలకు చాప, కిటికీకి నేత తెర, మూలన ఒక మొక్క, చదువుకునే చోట ఒక దీపం ఉన్న ఇంటిలో అతిథి హాయిగా కూర్చుంటాడు. పిల్లలు శ్రద్ధగా చదువుతారు. ఇంటి యజమాని అప్పులవాని పిలుపుకు ఉలిక్కిపడకుండా నిద్రిస్తాడు. గృహసౌందర్యానికి అంతకు మించిన కొలమానం లేదు.